తక్కువ ధరలో వైఫై రూటర్ కొంటున్నారా? డబ్బులు కట్టే ముందు ఈ లెక్కలు చూసుకోండి!

ఇంట్లో నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్. నెలనెలా బిల్లు కడుతూనే ఉన్నారు. హాల్లో కూర్చుంటే వీడియో ఆగకుండా ఆడుతుంది. అదే బెడ్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేస్తే బఫరింగ్ మొదలు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు మీటింగ్ మధ్యలో మాట ఆగిపోతుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసులో సార్ బొమ్మ అలాగే బిగుసుకుపోతుంది. దీంతో చాలామంది చేసే మొదటి పని.. ఆన్‌లైన్‌లో ఎక్కువ యాంటెన్నాలున్న రూటర్ ఒకటి చూసి ఆర్డర్ పెట్టేయడం.

తీరా అది వచ్చాక కూడా బెడ్‌రూమ్‌లో పరిస్థితి మారకపోతే? రెండు మూడు వేలు పోయినట్టే. చాలా ఇళ్లలో సమస్య రూటర్‌ది కాదు. దాన్ని పెట్టిన చోటుదో, బయటి నుంచి వచ్చే లైన్‌దో అయి ఉంటుంది. ఒకవేళ నిజంగానే రూటర్ మార్చాల్సి వచ్చినా ఖరీదైనదే అక్కర్లేదు. డ్యూయల్ బ్యాండ్, ప్లాన్‌కు సరిపడే పోర్ట్, సరైన సెక్యూరిటీ.. ఈ మూడూ చూసుకుంటే మామూలు ఇంటికి సరిపోతుంది. ఇంతకీ ఏం చూడాలి? ఎలా చూడాలి?

ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోండి

కొనే ముందు పది నిమిషాలు కేటాయిస్తే చాలు, అసలు విషయం తేలిపోతుంది. ఏదైనా స్పీడ్ టెస్ట్ యాప్‌తో మూడు చోట్ల పరీక్ష చేయాలి.

1. ఆపరేటర్ బిగించిన పెట్టెకు ల్యాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి ఒకసారి.
2. ఆ పెట్టె ఉన్న గదిలోనే, రెండు మూడు మీటర్ల దూరంలో ఫోన్‌తో ఒకసారి.
3. నెట్ సరిగా రాని గదిలో ఫోన్‌తో ఇంకోసారి.

కేబుల్‌తో చూసినా స్పీడ్ తక్కువే వస్తే తప్పు లైన్‌ది. అప్పుడు ఆపరేటర్‌కు కంప్లయింట్ ఇవ్వాలి. పదివేల రూటర్ కొన్నా ఉపయోగం ఉండదు. కేబుల్‌లో బాగా వచ్చి, పక్కనే ఉన్న ఫోన్‌లో తగ్గిపోతే ఆ పెట్టెలోని వైఫై బలహీనంగా ఉందని అర్థం. కొత్త రూటర్ పనికొచ్చేది ఇక్కడే. మొదటి రెండూ బాగుండి, మూడోది మాత్రమే పడిపోతే అది గోడలు, దూరం తెచ్చిన సమస్య. ముందు పెట్టె చోటు మార్చి చూడాలి.

ఈ పరీక్ష పొద్దున ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి చేస్తే ఇంకా మంచిది. కేబుల్‌లో కూడా రాత్రిపూట మాత్రమే స్పీడ్ పడిపోతుంటే, ఆ ఏరియాలో అందరూ ఒకేసారి వాడటం వల్ల లైన్ మీద రద్దీ పెరుగుతోందన్నమాట.

ఇంకో చిన్న లెక్క. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు. ఫైల్ డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కనిపించేది మెగాబైట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. అంటే 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు 12.5 మెగాబైట్లు వస్తే అది పూర్తి స్పీడే. మోసం కాదు.

ఇంట్లో ఉన్న పెట్టె ఏంటి?

ఇప్పుడు చాలా ఇళ్లకు వస్తున్నది ఫైబర్ కనెక్షన్. సన్నటి ఫైబర్ వైరు వచ్చి చేరే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. వాడుకలో అందరూ మోడెం అనేస్తారు. వెలుగు రూపంలో వచ్చే సిగ్నల్‌ను మామూలు నెట్‌గా మార్చడం దాని పని. చాలా ఓఎన్‌టీల్లో వైఫై కూడా అందులోనే ఉంటుంది.

షాపులో దొరికే మామూలు రూటర్‌కు ఫైబర్ వైరు నేరుగా తగిలించలేం. కాబట్టి కొత్త రూటర్ కొన్నంత మాత్రాన పాత పెట్టె తీసేయడం కుదరదు. పాత పెట్టె ల్యాన్ పోర్ట్ నుంచి ఒక కేబుల్ తెచ్చి, కొత్త రూటర్ వ్యాన్ పోర్ట్‌కు కలపాలి. ఆ తర్వాత పాత పెట్టెలో వైఫై ఆపేస్తే రెండింటి సిగ్నళ్లు ఒకదానికొకటి అడ్డుపడవు.

కొన్ని చోట్ల లోకల్ కేబుల్ ఆపరేటర్ మేడ మీది స్విచ్ నుంచి నేరుగా ల్యాన్ కేబుల్ ఇంట్లోకి లాగుతారు. అక్కడ ఓఎన్‌టీ ఉండదు. ఆ కేబుల్ నేరుగా రూటర్ వ్యాన్ పోర్ట్‌లోకే వెళ్తుంది. ఇలాంటి కనెక్షన్లకు సాధారణంగా పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. కొత్త రూటర్ పెట్టే ముందే ఆ రెండూ ఆపరేటర్‌ని అడిగి రాసి పెట్టుకోవాలి. లేదంటే కొత్తది బిగించాక నెట్ రాదు.

అన్నట్టు, ఆపరేటర్‌ని అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "మా పెట్టె సింగిల్ బ్యాండ్‌ది. డ్యూయల్ బ్యాండ్‌ది మార్చి ఇస్తారా?" అని అడిగి చూడండి. కొందరు ఉచితంగా, ఇంకొందరు కొద్దిపాటి డిపాజిట్‌తో మార్చి ఇస్తారు. అలా వస్తే అంతకన్నా చవకైన రూటర్ ఉండదు.

రూటర్ మీది 5జీ.. ఫోన్‌లో 5జీ కాదు

వైఫై లిస్టులో పేరు చివర 5జీ అని కనిపించగానే మొబైల్ 5జీ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండింటికీ సంబంధం లేదు. రూటర్ మీది 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్. అంతే.

2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటి దూరం వెళ్తుంది, కానీ స్పీడ్ తక్కువ. 5 గిగాహెర్ట్జ్ స్పీడ్ ఎక్కువ, కానీ రెండు గోడలు అడ్డొస్తే నీరసపడిపోతుంది. ఈ రెండూ ఇచ్చేదే డ్యూయల్ బ్యాండ్ రూటర్. 2.4 మాత్రమే ఇచ్చేది సింగిల్ బ్యాండ్.

అపార్ట్‌మెంట్లలో సింగిల్ బ్యాండ్ రూటర్ ఎందుకు తేలిపోతుందంటే.. 2.4లో ఒకదానికొకటి తగలకుండా పనిచేసే చానళ్లు మూడే. అవి 1, 6, 11. ఫోన్‌లో వైఫై లిస్ట్ తెరిస్తే పైవాళ్లవి, పక్కవాళ్లవి, కిందివాళ్లవి కలిపి పది పదిహేను పేర్లు కనిపిస్తాయి కదా. అన్ని రూటర్లూ ఆ మూడు చానళ్లనే పంచుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా అదే బ్యాండ్‌లో ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చానళ్లు ఎక్కువ, రద్దీ తక్కువ.

అలాగని 2.4 పనికిరానిదేం కాదు. ఇళ్లలో పెట్టుకునే చాలా సీసీటీవీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు, పాత ఫోన్లు దాంట్లోనే పనిచేస్తాయి. అందుకే రెండూ ఉండాలి. ఎంత బడ్జెట్ తక్కువైనా సింగిల్ బ్యాండ్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

బాక్స్ మీద 1200.. ఫోన్‌కు వచ్చేది అంత కాదు

రూటర్ బాక్సుల మీద ఎన్300, ఏసీ1200, ఏఎక్స్1500, ఏఎక్స్3000 అని పెద్దక్షరాలతో ఉంటుంది. ముందున్న అక్షరాలు ఏ తరం వైఫై అనేది చెబుతాయి. ఎన్ అంటే వైఫై 4. ఏసీ అంటే వైఫై 5. ఏఎక్స్ అంటే వైఫై 6.

తర్వాతి అంకె రెండు బ్యాండ్ల స్పీడ్‌లను కలిపి, గుండ్రంగా చేసి రాసింది. ఏసీ1200 అంటే 2.4లో 300, 5లో 867. కలిపితే 1167. దాన్ని 1200 అని రాస్తారు. ఏఎక్స్1500 అంటే 300, 1201. ఏఎక్స్3000 అంటే 574, 2402.

ఒక ఫోన్ ఒకసారికి ఒక బ్యాండ్‌కే కలుస్తుంది. కాబట్టి 1200 అనేది ఏ ఫోన్‌కూ రాదు. పైగా ఇవి ప్రయోగశాల లెక్కలు. ఇంట్లో, మంచి సిగ్నల్ ఉన్నప్పుడు కూడా అందులో సగం కాస్త అటూ ఇటూగా వస్తుంది. మరి అది తక్కువా? కాదు. 5 బ్యాండ్‌లో 867లో సగం వచ్చినా 400 పైనే. ఇంటి ప్లాన్ 100 అయితే అంతకు నాలుగు రెట్లు.

అసలు ఇంటికి ఎంత కావాలి? నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్, 4కే వీడియోకు 15 ఎంబీపీఎస్ సరిపోతాయి. ఇద్దరు వీడియో చూస్తూ, ఒకరు మీటింగ్‌లో, ఇంకొకరు క్లాసులో ఉన్నా 50 ఎంబీపీఎస్ దాటడం కష్టం.

100 దగ్గర ఆగిపోయే పోర్ట్

చాలామంది గమనించకుండా నష్టపోయేది ఇక్కడే. చవక రూటర్లు కొన్నింటిలో పోర్టుల వేగం 100 ఎంబీపీఎస్‌కే పరిమితం. బయటి నుంచి నెట్ వచ్చే దారి అదే కాబట్టి, వైఫై ఎంత వేగంగా ఉన్నా దాని కన్నా ఎక్కువ రాదు. వాడకంలో 94, 95 దగ్గర ఆగిపోతుంది. 200 లేదా 300 ప్లాన్ తీసుకుని ఇలాంటి రూటర్ పెడితే నెలనెలా కట్టే డబ్బులో సగానికి పైగా వృథా.

పేరు చూసి ఇది కనిపెట్టలేం. ఉదాహరణకు టీపీ-లింక్‌లో ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 రెండూ ఏసీ1200 రకమే. కానీ సీ50లో ఉన్నవి 100 ఎంబీపీఎస్ పోర్టులు, సీ6లో ఉన్నవి గిగాబిట్ పోర్టులు. మిగతా బ్రాండ్లలోనూ ఇలాంటి జతలు ఉన్నాయి. స్పెసిఫికేషన్లలో 10/100 అని ఉంటే 100 వరకే. 10/100/1000 అని గానీ గిగాబిట్ అని గానీ ఉంటే బెంగ అక్కర్లేదు.

ప్లాన్ 100 లేదా అంతకన్నా తక్కువా? రేపు పెంచే ఆలోచన లేదా? అయితే మామూలు పోర్ట్ ఉన్నా నష్టం లేదు.

పాత కేబుల్ సంగతీ చూసుకోవాలి. గిగాబిట్ స్పీడ్‌కు కనీసం క్యాట్ 5ఈ కేబుల్ కావాలి. కేబుల్ లోపల ఎనిమిది తీగలూ సరిగా కలవకపోయినా స్పీడ్ 100కు పడిపోతుంది. అప్పుడు రూటర్‌ను తిట్టుకోవడం అన్యాయం.

వైఫై 6 కావాలా? వైఫై 5 చాలా?

వైఫై 6 బలం స్పీడ్ ఒక్కటే కాదు. ఒకేసారి ఎక్కువ పరికరాలు కలిసినప్పుడు అందరికీ వంతులవారీగా, ఆలస్యం లేకుండా పంచడం దాని ప్రత్యేకత. ఇంట్లో నాలుగైదు ఫోన్లు, రెండు టీవీలు, ల్యాప్‌టాప్‌లు, కెమెరాలు ఉంటే తేడా తెలుస్తుంది.

అయితే ఆ ప్రయోజనం పూర్తిగా రావాలంటే ఫోన్‌లో కూడా వైఫై 6 ఉండాలి. ఐఫోన్లలో 2019లో వచ్చిన ఐఫోన్ 11 నుంచి ఉంది. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం చాలావాటికి వైఫై 5 వరకే ఉంటుంది. ఫోన్ స్పెసిఫికేషన్లలో వైఫై అన్న చోట ఏఎక్స్ లేదా 6 అని ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. ధరలో తేడా ఐదారు వందలే అయితే వైఫై 6 తీసుకోవడం మంచిది. రూటర్ నాలుగైదేళ్లు ఉంటుంది, ఈలోపు ఫోన్లు మారతాయి. తేడా వెయ్యి దాటితే, ఇంట్లో ఉన్నవన్నీ పాత ఫోన్లే అయితే వైఫై 5 చాలు.

వైఫై 7 సర్టిఫికేషన్ 2024 జనవరిలో మొదలైంది. తక్కువ బడ్జెట్‌లో చూసేవాళ్లు ఇప్పుడే దాని గురించి ఆలోచించాల్సిన పనిలేదు.

ఇక యాంటెన్నాల సంగతి. నాలుగు ఉంటే రెండింటి కన్నా రెట్టింపు దూరం వెళ్తుందన్నది అపోహ. రూటర్ ఎంత పవర్‌తో సిగ్నల్ పంపాలన్న దానికి పరిమితి ఉంటుంది. అయినా ఫోన్ నుంచి రూటర్‌కు సిగ్నల్ తిరిగి రావాలి కదా. ఆ ఫోన్ యాంటెన్నా మాత్రం చిన్నదే.

ఏ ఇంటికి ఏది?

ధరలు ఆఫర్‌ను బట్టి, షాపును బట్టి మారుతుంటాయి. ఇది సుమారు అంచనా మాత్రమే.

• ఒక్క గది, సింగిల్ బెడ్‌రూమ్, 30 నుంచి 50 ఎంబీపీఎస్ ప్లాన్: ఆపరేటర్ ఇచ్చిన పెట్టే సరిపోతుంది. కొనాల్సి వస్తే 1,500 నుంచి 2,000 రూపాయల్లో ఏసీ1200 డ్యూయల్ బ్యాండ్.

• డబుల్ లేదా ట్రిపుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, 100 నుంచి 300 ప్లాన్: గిగాబిట్ పోర్టులున్న ఏసీ1200 లేదా ఏఎక్స్1500. సుమారు 2,000 నుంచి 3,500 వరకు.

• కింద, పైన రెండంతస్తుల ఇల్లు: ఒక్క రూటర్‌తో సరిపెట్టే ప్రయత్నం వద్దు. స్లాబులోని ఇనుము, కాంక్రీటు 5 గిగాహెర్ట్జ్‌ను దాదాపు ఆపేస్తాయి. ఇక్కడ కావాల్సింది ఖరీదైన రూటర్ కాదు, రెండో పెట్టె.

పై అంతస్తుకు పాత రూటరే చాలు

చాలామంది ఇలాంటప్పుడు ఎక్స్‌టెండర్ కొంటారు. అది వచ్చిన సిగ్నల్‌నే పట్టుకుని మళ్లీ పంపుతుంది. ఒకే బ్యాండ్‌లో రెండు పనులూ చేసే రకమైతే స్పీడ్ సగానికి పడిపోతుంది. మెష్ సెట్లు బాగానే ఉంటాయి కానీ ధర ఎక్కువ.

తక్కువ ఖర్చు మార్గం ఒకటుంది. కింది రూటర్ నుంచి పైకి ఒక ల్యాన్ కేబుల్ లాగి, మూలన పడేసిన పాత రూటర్‌ను దాని చివర పెట్టడమే. పాత రూటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకుంటే చాలు. లేకపోతే ఇలా చేయొచ్చు.

1. పాత రూటర్ ఐపీ అడ్రస్ మార్చాలి. మెయిన్ రూటర్‌ది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వొచ్చు.
2. పాతదాంట్లో డీహెచ్‌సీపీ ఆపేయాలి.
3. వైఫై పేరు, పాస్‌వర్డ్ మెయిన్ రూటర్‌వే పెట్టాలి. 2.4 చానల్ మాత్రం వేరే ఇవ్వాలి. దానిది 1 అయితే దీనిది 6.
4. కేబుల్‌ను పాత రూటర్ ల్యాన్ పోర్ట్‌కే కలపాలి. వ్యాన్‌కు కాదు.

ఇక ఫోన్ పట్టుకుని మెట్లెక్కితే దగ్గర్లో ఉన్న దానికి మారిపోతుంది. ఈ ల్యాన్ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. కొనేటప్పుడు అల్యూమినియం మీద రాగి పూత వేసింది కాకుండా పూర్తి రాగి తీగది అడిగి తీసుకోవాలి.

బీరువా పక్కన పెడితే ఏ రూటరైనా అంతే

కొత్తది కొన్నా, పాతదే ఉంచినా చోటు ముఖ్యం. వైరు ఎక్కడికి వస్తే అక్కడే, టీవీ వెనకో, షోకేసులోనో, గుమ్మం పైనో పెట్టేయడం అలవాటైపోయింది. సిగ్నల్‌కు ఇనుము, నీళ్లు, అద్దం పెద్ద శత్రువులు. బీరువా, ఫ్రిజ్, అక్వేరియం, పెద్ద అద్దం పక్కన పెట్టొద్దు. ఇంటి మధ్యలో, నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తులో, చుట్టూ ఖాళీ ఉండేలా పెట్టాలి. ఫైబర్ వైరు జరపాల్సి వస్తే సొంతంగా లాగొద్దు. మరీ మడతపడితే సిగ్నల్ పోతుంది. టెక్నీషియన్‌ను పిలవండి.

రూటర్ పక్కనే టీవీ ఉంటే దానికి ల్యాన్ కేబుల్ కలిపేస్తే సరి. వైఫై మీద అంత బరువు తగ్గుతుంది.

కరెంట్ పోతే, ఉరుములొస్తే..

వేసవిలో కరెంట్ కోతలు, గాలివానలు మామూలే. రూటర్ కోసమే దొరికే మినీ యూపీఎస్ ఉంటే ఇబ్బంది ఉండదు. కొనే ముందు రూటర్ అడాప్టర్ మీద ఉన్న అంకెలు చదవాలి. కొన్ని 9 వోల్టులవి, కొన్ని 12 వోల్టులవి. 9 వోల్టుల రూటర్‌కు 12 వోల్టులు ఇస్తే కాలిపోయే ప్రమాదం ఉంది. ఓఎన్‌టీ వేరుగా ఉంటే దానికీ బ్యాకప్ కావాలి. రెండింటినీ ఒకే యూపీఎస్‌కు కలిపితే రెండింటి ఆంపియర్లు కలిపినా దాని సామర్థ్యం దాటకూడదు.

బయటి నుంచి ల్యాన్ కేబుల్ వచ్చే ఇళ్లలో పిడుగుల సమయంలో పవర్ ప్లగ్‌తో పాటు ఆ కేబుల్ కూడా తీసేయాలి. రాగి తీగ గుండా వచ్చే కరెంట్‌తో పోర్టులు కాలిపోతుంటాయి. ఫైబర్‌లో కరెంట్ ప్రవహించదు కాబట్టి ఆ భయం లేదు. ప్లగ్ తీస్తే చాలు.

పాస్‌వర్డ్ లేని వైఫై.. ఇంటికి పోలీసులు

2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు ఓ ఈమెయిల్ వచ్చింది. ఐపీ అడ్రస్ పట్టుకుని దర్యాప్తు అధికారులు వెళ్తే నవీ ముంబైలో ఓ అమెరికన్ ఉంటున్న ఫ్లాట్ తేలింది. ఆయన విచారణ ఎదుర్కోవాల్సి వచ్చింది. సరైన రక్షణ లేని ఆయన వైఫైని వేరేవాళ్లు వాడుకున్నారు. మన వైఫైలో ఎవరు ఏం చేసినా ముందు తలుపు తట్టేది మన ఇంటిదే.

అందుకే కొనేటప్పుడు డబ్ల్యూపీఏ3 ఉన్నది చూడాలి. అది 2018లో వచ్చింది. లేకపోతే కనీసం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఉండాలి. డబ్ల్యూఈపీ మాత్రమే ఉన్న పాత రూటర్ వాడొద్దు. బిగించిన రోజే ఈ నాలుగు పనులూ పూర్తిచేయండి.

• సెట్టింగ్స్‌లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం.
• వైఫై పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబర్, ఇంటి పేరు కాకుండా కనీసం 12 అక్షరాలు పెట్టడం.
• డబ్ల్యూపీఎస్ ఆపేయడం.
• ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయడం. ఆటో అప్‌డేట్ ఉంటే ఆన్ చేయడం.

ఇంటికి వచ్చే చుట్టాలకు, పక్కింటివాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ ఇస్తే అసలు పాస్‌వర్డ్ చెప్పాల్సిన పని ఉండదు.

బిల్లు కట్టే ముందు ఒక్కసారి..

సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తీసుకున్నా చూడాల్సినవి ఇవే.

• ఇది ఫైబర్ లేదా బ్రాడ్‌బ్యాండ్ రూటరేనా? సిమ్ వేసే రూటరో, పాత ల్యాండ్‌లైన్ మోడెమో కాదు కదా?
• డ్యూయల్ బ్యాండ్ ఉందా?
• ప్లాన్ 100 దాటితే గిగాబిట్ పోర్ట్ ఉందా?
• డబ్ల్యూపీఏ3 ఉందా?
• వారంటీ ఎన్నేళ్లు? బిల్లు మీద సీరియల్ నంబర్ రాశారా?
• సెకండ్‌హ్యాండ్ అయితే ఏదైనా ఆపరేటర్‌కు లాక్ అయి ఉందా? రీసెట్ చేసి చూపించారా?
• నచ్చకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చు?

ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. కొత్త రూటర్ వచ్చిన రోజే, మొదట్లో చేసిన మూడు పరీక్షలూ అదే చోట్ల మళ్లీ చేసి అంకెలు పోల్చి చూడండి. తేడా లేకపోతే గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయొచ్చు.